నీళ్ళు కనబడాలి

పోయిన వారం మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయి వచ్చి, "బాబాయిగారూ, పెరట్లో చిన్న కొలను కట్టించాం. అందులో ఏ మొక్కలు వెయ్యమంటారు?" అని అడిగింది. "ముందు ఇది చెప్పమ్మా, మీరు ఇంట్లో ఉండేది ఏ వేళప్పుడు?" అన్నాను. మొక్కల సంగతి అడిగితే ఈయన మా రాకపోకల సంగతి అడుగుతాడేమిటన్నట్టు చూసింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. పొద్దున ఎనిమిదిన్నరకి తాళం వేస్తే మళ్ళీ తీసేది దీపాలు పెట్టే వేళకే. "అయితే నీలి కలువ వద్దు, ఎర్ర కలువ వేసుకో" అన్నాను.

నీలి కలువ పగటి పువ్వు. ఎండ ఎక్కుతుండగా విచ్చుకుంటుంది, పొద్దు వాలే లోపే ముడుచుకుంటుంది. వాళ్ళింట్లో అది రోజూ పూసినా చూసేవాళ్ళుండరు. ఎర్ర కలువ, తెల్ల కలువ అలా కాదు. పొద్దుగూకాక విప్పారి, రాత్రంతా తెరుచుకునే ఉండి, మర్నాడు ఎండ ముదిరాక గానీ ముడవవు. రాత్రి భోజనమయ్యాక పెరట్లోకి వచ్చి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చూసుకోవచ్చు. మన కవులు చంద్రుణ్ణి కలువలరేడు అన్నారు. ఈ రాత్రి కలువలకి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. నల్ల కలువ అని కూడా మనం పిలిచే నీలి కలువ మాత్రం తామరతో పాటు సూర్యుడి పక్షం.

కొలనుకి మొక్కని ఎంచుకోవడమంటే పువ్వు రంగు ఎంచుకోవడమేనని చాలామంది అనుకుంటారు. నర్సరీకి వెళ్ళగానే అడిగే మొదటి మాట అదే. నేను అడగమనేది ఇంకొకటి. ఈ మొక్క వేరు ఎక్కడుంటుంది, మట్టిలోనా, నీళ్ళలోనా? మట్టిలో వేరు పాతుకున్న మొక్క మనం పెట్టిన కుండీ దాటి అంత సులువుగా పోదు. నీళ్ళలో వేళ్ళు వేలాడేసుకుని తేలే మొక్కకి మాత్రం నిలకడ చోటంటూ లేదు. కొలనంతా దానిదే. ఈ తేడా నేను నష్టపోయి నేర్చుకున్నాను.

పదిహేనేళ్ళ కిందటి మాట. మా పెరట్లో ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, రెండడుగుల లోతున కొలను కట్టించుకున్నాను. పంటకాలవ గట్టు మీద నుంచి నడిచి వస్తుంటే గుర్రపుడెక్క పూసి ఉంది. లేత ఊదారంగు పువ్వు, పై రేకు మీద నెమలికన్నులా పసుపుపచ్చని చుక్క. నిజంగా అందమైన పువ్వు, ఆ మాట ఇప్పటికీ అంటాను. నాలుగు మొక్కలు తెచ్చి కొలనులో వదిలాను. అది ఉగాది రోజులు. శ్రావణం వచ్చేసరికి మా కొలనులో నీళ్ళు కనబడటం మానేశాయి. ఒక తెల్లవారుజామున వెళ్ళి చూస్తే, ఆకుల సందుల్లో చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. నేను బకెట్లతో నీళ్ళు తిరగబోసే లోపే పదకొండు చేపలు వెల్లకిలా తేలాయి. ఆ వేళ మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులకి ఇది కొత్త సంగతి కాదు. వాళ్ళు తెల్లవారకముందే గట్టు మీదికి వెళ్ళి చూసుకునేది ఇందుకే. నీళ్ళలోని ప్రాణవాయువు ఎక్కువగా పగలు వెలుగులో మొక్కలూ నాచూ తయారు చేస్తేనే పెరుగుతుంది. రాత్రి తయారీ ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది. చేపలూ, మొక్కలూ, అడుగున కుళ్ళే ఆకూ అన్నీ దాన్నే వాడుకుంటాయి. అందుకే తెల్లవారేముందు అది బాగా తగ్గిపోతుంది. గుర్రపుడెక్క పైన మూతలా పరుచుకుంటే నీళ్ళలోకి వెలుగు పోదు, పైనున్న గాలీ నీళ్ళలో కలవదు. మా చేపలు పోయింది అలాగే.

గుర్రపుడెక్క మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్ నదీ ప్రాంతం దాని పుట్టిల్లు. పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో బెంగాల్‌కి చేరింది. నేను తెచ్చుకున్న కారణంతోనే వాళ్ళూ తెచ్చుకున్నారు, పువ్వు బాగుందని. నలభై ఏళ్ళు తిరిగేసరికి అక్కడి కాలవల్లో పడవ కదలని రోజులు వచ్చాయి, వరిచేలు మునిగాయి. చివరికి 1936లో దాన్ని ఏరించడానికి బెంగాల్‌లో ఏకంగా ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. అనువైన నీళ్ళలో ఈ మొక్క రెండు వారాలకి రెట్టింపవుతుంది. లెక్క వేసి చూడండి. పది మొక్కలు నాలుగు నెలల్లో రెండున్నర వేలు దాటుతాయి. పైగా దాని గింజ బురదలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. నేను కొలను ఖాళీ చేసి ఎండబెట్టి మళ్ళీ నింపాక కూడా రెండు వానాకాలాల పాటు మొలకలు వస్తూనే ఉన్నాయి.

నర్సరీల్లో దీనికి తోడు ఇంకొన్ని తేలే మొక్కలు కనబడతాయి. అంతరతామర ఉంది, నీటి మీద పరిచిన పచ్చని గులాబీలా ఉంటుంది, చేత్తో ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా మెత్తగా తగులుతుంది. సాల్వీనియా ఉంది. కేరళలో దాన్ని ఆఫ్రికన్ పాయల్ అంటారు గానీ అది ఆఫ్రికాది కాదు, బ్రెజిల్‌ది. కేరళ కాలవల్ని అది ఎంతగా కమ్మేసిందంటే, దాన్ని తినే, బ్రెజిల్‌కే చెందిన పెంకుపురుగుని తెప్పించి పెంచి మరీ వదిలితే గానీ లొంగలేదు. పశువులకి మేతగా వేసే అజొల్లా సంగతి వేరు. అది మంచి మేత, కాదనను. కానీ దాన్ని విడిగా ఒక గుంటలో పెంచుకోండి, పూల కొలనులో వెయ్యకండి.

తేలే మొక్కల విషయంలో నేను ఇంత గట్టిగా చెప్పడానికి చేపలొక్కటే కారణం కాదు. మాన్సోనియా అనే దోమ జాతి ఉంది. మామూలు దోమ పిల్ల గాలి పీల్చుకోవడానికి నీటి పైకి వస్తుంది, ఆ వచ్చినప్పుడే చేప దాన్ని పట్టుకుంటుంది. మాన్సోనియా పిల్ల పైకి రానే రాదు. అంతరతామర, గుర్రపుడెక్కల వేళ్ళకి తన గొట్టం గుచ్చి, మొక్క లోపలి గాలినే పీల్చుకుంటుంది. ఆ వేళ్ళ గుబురులో చేప నోటికి అందదు. కేరళలో చేర్తల ప్రాంతంలో బోదకాలు వ్యాధికి ఈ దోమే కారణమని గుర్తించి, అక్కడి గుంటల్లోంచి అంతరతామరని ఏరించారు. ఇంటి కొలనుతో దోమలు వస్తాయేమోనని భయపడేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది మొక్కల ఎంపికే.

మీ కొలనులో ఇప్పటికే ఇవి ఉంటే తీసెయ్యండి. తీసినదాన్ని గోడ అవతల మురుగుకాలవలోనో, ఊరి చెరువులోనో పారెయ్యకండి. ఎండలో బాగా ఆరబెట్టి ఎరువుకుప్పలో కప్పెయ్యండి. మీ గుప్పెడు మొక్కలు చెరువు చేరితే, వాటిని పైకి లాగడానికి ఆ ఊరంతా నడుం బిగించాల్సి వస్తుంది.

మరి ఏవి నాటాలి? తామర, కలువ అనగానే రెండూ ఒకటేననుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆకు చూస్తే తేలిపోతుంది. కలువాకు ఒకవైపు చీలి ఉండి, నీటి మీద పడుకుని ఉంటుంది. తామరాకుకి చీలిక ఉండదు. గుండ్రని పళ్ళెంలా ఉండి, మొదటి లేత ఆకులు తప్ప మిగతావన్నీ కాడ మీద నీటికి పైన నిలబడతాయి. తామరాకు మీద నీటిబొట్టు అంటకపోవడానికి కారణం, కంటికి కనబడనంత చిన్న మైనపు బొడిపెలు. వాటి మీద నిలిచిన నీటిబొట్టు ఆకుని తాకీ తాకనట్టు జారిపోతుంది, పోతూ దుమ్ముని కూడా ఊడ్చుకుపోతుంది.

తామర గురించి ఇంకో విశేషం చెప్పకుండా ఉండలేను. ఆ పువ్వు తన వేడిని తానే పుట్టించుకుంటుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వృక్షోద్యానంలో పరిశోధకులు కొలిచి, 1996లో ప్రకటించారు. బయట గాలి 10 డిగ్రీలకి పడిపోయినా పువ్వు లోపల 30కి తగ్గకుండా, 35 దాటకుండా నిలుపుకుంటుంది. పుప్పొడి చేరవేసే పురుగులకి రాత్రి వెచ్చని బస అన్నమాట. గింజ ఓపిక ఇంకా గొప్పది. చైనాలో ఒక ఎండిన చెరువు అడుగున దొరికిన తామర గింజ సుమారు 1300 ఏళ్ళ తరవాత మొలకెత్తింది.

ఇంత గొప్ప మొక్కైనా, చిన్న కొలనుకి నేను తామరని అంత తొందరగా చెప్పను. తామర దుంప బురదలో పాకుతుంది. కొలను అడుగున మట్టి పరిచి నాటితే రెండేళ్ళలో అంతా అదే అవుతుంది, కలువ బతకదు. తామరని ఎప్పుడూ విడిగా గుండ్రటి తొట్టిలో పెట్టండి. మూలలున్న తొట్టి అయితే పాకే దుంప మొన మూలలో ఇరుక్కుని ఆగిపోతుంది, గుండ్రంగా ఉంటే అంచు వెంబడి తిరుగుతూ పోతుంది. రెండడుగుల వెడల్పున్న గాబు గానీ, తెలంగాణలో మీరు గోలెం అంటారే అది గానీ చక్కగా సరిపోతుంది. అసలు కొలనే కట్టుకోలేని ఇంటికి ఆ ఒక్క గోలెమే కొలను. నూతికి వేసే సిమెంటు వర ఒకటి తెచ్చి, అడుగు మూయించినా చాలు.

తామర దుంప నాటేటప్పుడు కళ్ళన్నీ దాని మొన మీదే ఉండాలి. ఆ మొన విరిగిందంటే దుంప చాలాసార్లు కుళ్ళిపోతుంది. గింజతో పెంచాలనుకుంటే, గట్టి పెంకుని ఒక కొసన లోపలి తెల్లటి పప్పు కనబడేదాకా గరుకు రాయి మీద రుద్ది, రోజూ నీళ్ళు మారుస్తూ నానబెట్టండి. వారం లోపే మొలక వస్తుంది. పువ్వుకి మాత్రం ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఆగాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. నీలం తామర, ఏడు రంగుల తామర అంటూ బొమ్మలు చూపించి గింజలు అమ్మేవాళ్ళు బయలుదేరారు. తామరలో నీలం రంగు లేనే లేదు. మన తామర గులాబీ, తెలుపు రంగుల్లోనే పూస్తుంది. పసుపుపచ్చది అమెరికా ఖండపు జాతి. నీలం కావాలంటే కలువలోనే వెతుక్కోవాలి.

కలువ చిన్న కొలనుకి అన్నివిధాలా ఒద్దికైన మొక్క. రోజుకి అయిదారు గంటల ఎండ ఉంటే చాలు, ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తుంది. ఎండ తగలకపోతే ఆకులే వస్తాయి, పువ్వు రాదు. కాబట్టి మామిడిచెట్టు నీడన కొలను తవ్వి కలువ పూయలేదని బాధపడకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర పుష్పం కలువే. ఇప్పుడు తెలంగాణకి తంగేడు, ఆంధ్రప్రదేశ్‌కి మల్లె. ఊరి చెరువులో పూసే కలువని చిన్నదని తీసిపారెయ్యకండి. మన ఎండకీ, మన నీళ్ళకీ అలవాటు పడిన మొక్క అది. నర్సరీల్లో విదేశీ సంకర రకాలు చాలా వచ్చాయి. కడియం వైపు వెళ్తే ఎన్ని రంగులో చూడొచ్చు. వాటిని వద్దనను. కానీ మొదటి ఏడాది మన కలువతో చెయ్యి అలవాటు చేసుకుంటే, ఖరీదైనది రెండో ఏడాది కొన్నా చేజారదు.

ఎన్ని నాటాలన్నది రంగు కన్నా ముఖ్యం. నిండుగా పెరిగాక కూడా ఆకులు కొలనులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు కప్పాలి. మిగతా చోట నీళ్ళు కనబడాలి, ఆ నీళ్ళలో ఆకాశం కనబడాలి. మా ఎనిమిదడుగుల కొలనుకి రెండు కలువ దుబ్బులే చాలాయి. నాటిన రోజు కొలను బోసిగా కనిపించి, ఇంకో నాలుగు వేద్దామనిపిస్తుంది. ఆ రోజున చెయ్యి ఆపుకోవాలి. రెండు నెలల్లో ఆ బోసితనం పోతుంది. అలాగని ఒక్క ఆకూ లేకపోయినా కష్టమే. ఎండంతా నీళ్ళ మీదే పడి పాచి పెరుగుతుంది.

పాచి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కొత్త కొలను మొదటి కొన్ని వారాలు పచ్చబడటం సహజం. కంగారుపడి నీళ్ళు మార్చకండి. మార్చిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. నీటి అడుగున మునిగి పెరిగే హైడ్రిల్లా లాంటి నాచు నాలుగు పోచలు, రాయి కట్టి వదలండి. పాచికి అందాల్సిన పోషకాన్ని అది లాగేసుకుంటుంది. ఇది కూడా విపరీతంగా పెరిగే మొక్కే, నెలకోసారి దోసెడు తీసెయ్యాల్సిందే. కొళాయి నీళ్ళు పట్టేవాళ్ళు చేపలు వదిలే ముందు ఒకటి రెండు రోజులు ఆగండి, క్లోరిన్ పోతుంది. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది. అరటిబోదె ముక్కలు వేసి వారం పాటు నీళ్ళు నిలవబెట్టి, పారబోసి, మళ్ళీ నింపడం మన పెద్దవాళ్ళ పద్ధతి. అది అయ్యాకే మొక్క.

కుండీలో వేసే మన్ను గురించి ఒక్క మాట. పూలకుండీలకి వాడే కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు కలిపిన తేలిక మిశ్రమం ఇక్కడ పనికిరాదు, పైకి తేలిపోతుంది. ఒండ్రు మట్టి గానీ బంకమన్ను గానీ నింపి, అడుగున గుప్పెడు బాగా మాగిన పశువుల ఎరువు పెట్టి, పైన రెండు వేళ్ళ మందం ఇసుక పరవండి. ఎరువు ఎక్కువైతే తినేది కలువ కాదు, పాచి. కుండీని మొదట ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, ఆకు ఎదిగే కొద్దీ ఒక్కో ఇటుక తీస్తూ దించండి. చివరికి మట్టి పైన అడుగు నుంచి అడుగున్నర నీళ్ళు నిలిస్తే కలువకి హాయి.

అంచుల్లో ఏం వెయ్యాలన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. అక్కడ నేను మొదట వేసేది వస. పసిపిల్లలకి మాటలు బాగా రావాలని మన అమ్మమ్మలు అరగదీసి నాకించిన వసకొమ్ము ఈ మొక్క దుంపే. గలగలా మాట్లాడే పిల్లని వసపిట్ట అనడం మీరు వినే ఉంటారు. ఆ మొక్క చిత్తడిలో, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని పెరుగుతుందని చాలామందికి తెలియదు. కత్తుల్లాంటి ఆకులు, నలిపితే ఘాటైన సువాసన. దాని పక్కన మెట్టతామర వెయ్యండి. పేరులో మెట్ట ఉన్నా తడి నేల దానికి ఎంతో ఇష్టం. ఇళ్ళ నుంచి వచ్చే వాడిన నీళ్ళని వడకట్టే బురదమడుల్లో దాన్ని వాడుతున్నారు కూడా. చేమ వేస్తే ఆకు అందం వస్తుంది, దుంపా దక్కుతుంది. గట్టు మీదికి పాకడానికి సరస్వతి ఆకు. జమ్ము మాత్రం ఇంటి కొలనుకి వద్దు. చెరువు గట్టున గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకుంటే చూడముచ్చటగా ఉండేది అక్కడే. దాని వేరు మొన కొలను అడుగున పరిచిన ప్లాస్టిక్ పట్టాని చీల్చుకుపోతుంది. గన్నేరుని కొలను మీదికి వాలేలా ఉంచకండి. రాలిన ఆకు నీళ్ళలో విషమవుతుంది.

కలువాకులకి పేనుబంక పట్టడం మామూలే. మందు కొట్టకండి, చేపలు చస్తాయి. పైపుతో నీళ్ళు గట్టిగా చిమ్మితే పురుగులు ఊడి నీళ్ళలో పడతాయి, చేపలు తినేస్తాయి. కొలను కట్టిన నెలకే తూనీగలు వచ్చాయంటే సంతోషించండి. తూనీగ పిల్ల నీళ్ళలోనే పెరుగుతుంది, దోమ పిల్లల్ని వేటాడుతుంది. ఇంట్లో పసివాళ్ళుంటే కొలను మీద ఇనప జాలీ వేయించడం ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకండి. మోకాలి లోతు నీళ్ళు కూడా పసివాళ్ళకి ప్రమాదమే.

ఇది మాఘమాసం. చలి విరుగుతోంది, దుంపలు నిద్రలేచే రోజులివి. మొన్న తెచ్చిన తామర దుంప ఒకటి తడి గోనెలో చుట్టి వసారాలో ఉంచాను. దాని మొన బియ్యపు గింజంత తెల్లగా కనబడుతోంది. రేపు పొద్దున ఎండ రాకముందే గాబులో మట్టి మెత్తగా కలిపి, ఆ మొన పైకి ఉండేలా ఏటవాలుగా పెట్టి, జానెడు లోపే నీళ్ళు పోస్తాను. ఎర్ర కలువ పిలక ఒకటి తీసి ఉంచాను, పట్టుకెళ్ళమ్మా అని ఆ అమ్మాయికి కబురు పెట్టాను. ఆఫీసుకి వెళ్ళేలోపే వస్తానంది.